విషాద నాటకంలో పాత్ర పరిణామాన్ని పట్టుకోవడం ఎలా? మాక్‌బెత్ ఆధారంగా మెట్టు మెట్టుగా

"మాక్‌బెత్ మొదట మంచివాడు. పదవీ కాంక్ష వల్ల చెడ్డవాడయ్యాడు. చివరికి చనిపోయాడు." పాత్ర పరిణామం గురించి రాయమంటే ఇలాంటి జవాబులే ఎక్కువగా వస్తాయి. తప్పు అనలేం. కానీ ఈ మూడు వాక్యాలు రాయడానికి నాటకం చదవనక్కరలేదు, ఎవరైనా కథ చెబితే విని రాసేయవచ్చు. నాటకాన్ని శ్రద్ధగా చదివేవారికి, ఆడేవారికి, రేపు తామే ఒకటి రాయాలనుకునేవారికి కావలసింది వేరు. ఆ మార్పు ఏ రంగంలో మొదలైంది? ఎవరి ఎదుట బయటపడింది? హాలులో చివరి వరుసలో కూర్చున్న మనిషికి అది ఎలా తెలుస్తుంది?

నవలా రచయితకు ఒక సౌకర్యం ఉంది. "ఆ రోజు నుంచి అతని మనసు రాయి అయిపోయింది" అని ఒక వాక్యం రాసి ముందుకు పోగలడు. నాటక రచయితకు ఆ వీలు లేదు. పాత్ర పలికే మాట, చేసే పని, వేదిక మీదికి వచ్చే తీరు, వెళ్లిపోయే తీరు, అతని దగ్గర ఉన్న సరుకు ఇంతే. ఇంత కొద్ది సరుకుతో మార్పును చూపించడానికి అతను ఒకసారి వచ్చినదాన్నే మళ్లీ రప్పిస్తాడు. అదే మాట, అదే వస్తువు, అదే పని రెండోసారి వస్తుంది. మనిషి మాత్రం అప్పటి మనిషి కాదు. ఆ రెండు సందర్భాల మధ్య తేడాలోనే పాత్ర పరిణామం కనిపిస్తుంది. ఈ వ్యాసంలోని మెట్లు చాలావరకు అలాంటి జంటలను వెతికి పట్టుకోవడానికే.

ఉదాహరణకు షేక్స్‌పియర్ మాక్‌బెత్‌ను తీసుకుంటున్నాను. 1606 ప్రాంతంలో రాసిన ఈ నాటకం 1623లో తొలిసారి అచ్చయింది. ఆయన విషాద నాటకాల్లో ఇదే అన్నిటికంటే చిన్నది. పక్కదారి పట్టించే ఉపకథలు లేవు. మాక్‌బెత్, లేడీ మాక్‌బెత్ అనే భార్యాభర్తలిద్దరు ఒకే నేరం దగ్గర, తమ రాజు డంకన్ హత్య దగ్గర, బయలుదేరి చెరో దిక్కుకు వెళ్లిపోతారు. పాత్రలు మారే తీరును నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన నాటకం నాకు తెలియదు.

మొదటి మెట్టు: ముందు ఊరికే చదవండి

తొలిసారి చదివేటప్పుడు గుర్తులు పెట్టుకోకండి. ఒకే కూర్చోవడంలో, వీలైతే పైకి వినిపించేలా, నలుగురు కలిసి పాత్రలు పంచుకుని చదవండి. మూల భాష కష్టమనిపిస్తే అనువాదమైనా పరవాలేదు. ఎక్కడ ఒళ్లు జలదరించిందో, ఎక్కడ విసుగు పుట్టిందో చదవడం అయ్యాక ఒక కాగితం మీద రాసుకోండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివేటప్పుడు ఆ కాగితమే మీకు దారి చూపిస్తుంది.

రెండో మెట్టు: తెర లేచినప్పుడు ఎవరు ఎలా ఉన్నారో నమోదు చేయండి

ఒక్కో ప్రధాన పాత్రకు ఒక్కో పేజీ కేటాయించి మూడు నిలువు వరుసలు గీయండి. ఇతరులు ఆ పాత్ర గురించి ఏమంటున్నారు? తన గురించి తాను ఏమనుకుంటోంది? నిజంగా ఏం చేస్తోంది? ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవని చోట విషాదానికి విత్తనం ఉంటుంది.

మాక్‌బెత్‌ను మనం చూడటానికి ముందే అతని గురించి వింటాం. మొదటి అంకం రెండో రంగంలో నెత్తురోడుతున్న సైనికుడొకడు వచ్చి, రాజద్రోహి మాక్‌డొన్వాల్డ్‌ను మాక్‌బెత్ ఎలా చీల్చాడో, అతని తలను కోటగోడ మీద ఎలా నిలబెట్టాడో రాజు డంకన్‌కు చెబుతాడు. రాజు పొంగిపోతాడు. ఇక్కడ ఆగి గమనించండి. మనుషుల్ని చంపడం ఇతనికి కొత్త కాదు. ఇంతవరకు ఆ పనిని రాజు కోసం చేశాడు, మెప్పు పొందాడు. ఆ తర్వాతి రంగంలో మంత్రగత్తెలు "కాబోయే రాజువి" అన్నప్పుడు అతను ఉలిక్కిపడతాడు. ఇంత మంచి మాటలకు భయపడతావేమిటని పక్కనే ఉన్న తోటి సేనాని బాంకో అడుగుతాడు. ఆ ప్రశ్న కింద రెండు గీతలు గీయండి. కొత్త ఆలోచన విన్నవాడు ఆశ్చర్యపోతాడు. ఉలిక్కిపడేవాడు తన లోపల దాచుకున్నది బయటివారి నోట విన్నవాడు.

లేడీ మాక్‌బెత్ పేజీలో చాలామంది మొదటే తప్పు రాస్తారు. "క్రూరురాలు" అని. ఆమె తొలి రంగం, మొదటి అంకం అయిదో రంగం, నెమ్మదిగా చదవండి. తనలోని ఆడతనాన్ని తీసేయమని, తల నుంచి కాలి దాకా క్రూరత్వంతో నింపమని ఆమె అదృశ్య శక్తులను వేడుకుంటుంది. ఉన్నదాన్ని ఎవరూ అడుక్కోరు. తనలో జాలి ఉందని, అది అడ్డుపడుతుందని ఆమెకు తెలుసు. హత్య జరిగిన రాత్రి, నిద్రపోతున్న రాజు తన తండ్రిలా కనిపించకపోతే తానే చంపి ఉండేదాన్నని అంటుంది. నాటకం మొదట్లోనే రచయిత వదిలిన చిన్న పగులు అది. అయిదో అంకంలో ఆమె కూలిపోయేది ఆ పగులు దగ్గరే.

మూడో మెట్టు: మలుపు ఒకటే అనుకోకండి

డంకన్ హత్యే మలుపు అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కథకు అది మలుపు. పాత్రలకు మలుపులు వేరే చోట్ల ఉంటాయి.

మొదటిది మొదటి అంకం ఏడో రంగం. మాక్‌బెత్ ఒంటరిగా నిలబడి లెక్క వేసుకుంటాడు. ఈ రాజు నాకు బంధువు, నేను అతని సేవకుణ్ణి, ఇవాళ మా ఇంటి అతిథి, పైగా మంచివాడు. ఇన్ని కారణాలు వద్దంటున్నాయి, కావాలంటున్నది పేరాశ ఒక్కటే. భార్య రాగానే ఈ పని ఇక మానుకుందామని తేల్చి చెబుతాడు. ఆ తర్వాత ఆమె వాదన ఎంతసేపు సాగిందో చూడండి. ఒకటి రెండు పేజీలు. రాజు మంచివాడు కాడని ఆమె ఎక్కడా అనదు. నువ్వు మగవాడివేనా అని అడుగుతుంది. అతను వేసుకున్న లెక్కలో ఒక్క అంకెను కూడా కొట్టేయకుండా మొత్తం కాగితాన్నే చింపేస్తుంది. మనసు మార్చుకోవడానికి కొత్త కారణం అక్కరలేదని, పాత గాయం మీద వేలు పెడితే చాలని ఈ రంగం చెబుతుంది.

నా దృష్టిలో రెండో మలుపు ఇంకా పెద్దది. అది మూడో అంకం రెండో రంగంలో, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. బాంకోను చంపడానికి మాక్‌బెత్ అప్పటికే మనుషుల్ని పంపాడు. భార్యకు చెప్పలేదు. ఏం చేయబోతున్నారని ఆమె అడిగితే ముద్దు పేరుతో పిలిచి, అది జరిగాక మెచ్చుకుందువుగాని, అప్పటిదాకా నీకు తెలియనక్కరలేదంటాడు. రాజు హత్యను ఇద్దరూ కలిసి తలపెట్టారు. ఈ హత్యలో ఆమె లేదు. ఆ ఒక్క మాటతో భార్యాభర్తలు విడిపోయారు. ఇక ఎప్పటికీ కలవరు.

ఇలాంటి చోట్లు పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పాత్ర తొలిసారి ఎవరికి నిజం దాచిందో చూడండి. విషాద నాటకాల్లో చాలాసార్లు అసలు జారుడు అక్కడే మొదలవుతుంది.

నాలుగో మెట్టు: జంటలు కట్టండి

ఇక్కడ తొందరపడవద్దు. నాటకమంతా ముందూ వెనుకా తిప్పుతూ, రెండుసార్లు వచ్చిన ప్రతి ముఖ్యమైన మాటను, వస్తువును, పనిని పక్కపక్కన రాయండి. మాక్‌బెత్‌లో నాకు దొరికిన వాటిలో కొన్ని దగ్గరగా చూద్దాం.

ముందు నీళ్లు. రెండో అంకం రెండో రంగం. మాక్‌బెత్ రాజును చంపి నెత్తుటి చేతులతో వస్తాడు. బాకులు అక్కడ వదిలి రావలసినవాడు వాటిని వెంట తెచ్చేస్తాడు. తిరిగి లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలదు. ఆమే వాటిని తీసుకెళ్లి పెట్టి వస్తుంది. ఇప్పుడు ఇద్దరి చేతులూ ఎరుపే. సముద్రుడి నీళ్లన్నీ పోసినా ఈ నెత్తురు పోదు, నా చేయే సముద్రాలన్నిటినీ ఎర్రబరుస్తుందంటాడతను. కాసిని నీళ్లు పోసుకుంటే పోతుందంటుంది ఆమె. ఇది జంటలో మొదటి సగం.

రెండో సగం అయిదో అంకం మొదటి రంగంలో ఉంది. ఆమె నిద్రలో నడుస్తూ వస్తుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. చేతులు రుద్దుకుంటూనే ఉంటుంది. ఒక్కోసారి పావుగంట సేపు ఇలాగే చేస్తుందని పరిచారిక వైద్యుడికి చెబుతుంది. మరక పోదు. అరేబియా అత్తర్లన్నీ పూసినా ఈ చిన్న చేతికి మంచి వాసన రాదని నిట్టూరుస్తుంది. ఆ పోలిక ఎవరిదో గమనించారా? సముద్రాలన్నీ చాలవన్నది భర్త. అప్పుడు అతని మాటను తేలికగా తీసిపారేసిన మనిషి నోట ఇప్పుడు అదే ధోరణి పలుకుతోంది. అతను దింపుకున్న బరువును ఆమె ఎత్తుకుంది.

అంతటితో అయిపోలేదు. ఆ నిద్రలో ఆమె పలికే ముక్కలు చూడండి. చేతులు కడుక్కో, రాత్రి దుస్తులు వేసుకో, అలా పాలిపోకు, తలుపు తడుతున్నారు, పద పడుకుందాం. హత్య జరిగిన రాత్రి భర్తను దారిలో పెట్టడానికి వాడిన మాటలే దాదాపు ఇవి. అప్పుడు ఆమె ఆజ్ఞాపించింది, అతను విన్నాడు. ఇప్పుడు వినేవాడు లేడు.

నిద్ర కూడా అలాంటిదే. హత్య చేసి వచ్చిన మాక్‌బెత్, ఎవరో "నువ్వు నిద్రను చంపావు, ఇక నీకు నిద్ర లేదు" అని అరిచినట్టు వినిపించిందని చెబుతాడు. అతనికి నిద్ర చెడిన మాట నిజమే. మూడో అంకంలో బాంకో దయ్యం కనిపించి విందు చెదిరిపోయాక ఆమె కూడా నీకు నిద్ర కరువైందంటుంది. కానీ నిద్ర ఒక నరకమై మన కళ్ల ముందుకు వచ్చేది ఆమె రూపంలో. శాపం వినిపించింది ఒకరికి, అనుభవించింది ఇంకొకరు.

ఉత్తరం జంటను చాలామంది దాటవేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం. లేడీ మాక్‌బెత్ మొట్టమొదట వేదిక మీదికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో భర్త రాసిన ఉత్తరం ఉంటుంది. యుద్ధభూమి నుంచి ఇంటికి చేరేలోగా కూడా ఆగలేక, జరిగినదంతా రాసి పంపాడు. అందులో ఆమెను తన ఔన్నత్యంలో భాగస్వామి అని పిలుచుకున్నాడు. ఇక అయిదో అంకంలో పరిచారిక ఏం చెబుతుందో చూడండి. రాణిగారు నిద్రలోనే లేచి, అర తెరిచి, కాగితం తీసి మడిచి, దాని మీద ఏదో రాసి, చదివి, ముద్ర వేసి మళ్లీ పడుకుంటారట. ఏం రాసిందో, ఎవరికి రాసిందో మనకు తెలియదు. చేసిన పాపం చెబితే పోతుందని మన సామెత. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ మూడో అంకంలో తలుపు మూసేశాడు. అందుకే కాగితంతో చెప్పుకుంటోంది.

భయాన్ని కూడా జత కట్టండి. హత్య రాత్రి ప్రతి చప్పుడుకూ ఎందుకిలా హడలిపోతున్నానని మాక్‌బెత్ తనను తాను ప్రశ్నించుకుంటాడు. అయిదో అంకం అయిదో రంగంలో లోపలి నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తుంది. ఒకప్పుడు రాత్రిపూట అరుపు వింటే ఒళ్లు చల్లబడేది, భయం రుచే మరిచిపోయానంటాడు. ఆ ఏడుపు తన భార్య చనిపోయినందుకని అతనికి ఇంకా తెలియదు.

మాటల్లో మరొకటి. "అయిందేదో అయింది" అని మూడో అంకంలో ఆమె భర్తను ఊరడిస్తుంది. "అయినదాన్ని కాకుండా చేయలేం" అని అయిదో అంకంలో నిద్రలో అంటుంది. దాదాపు అవే మాటలు. మొదటిసారి ధైర్యం చెప్పడానికి, రెండోసారి దారి మూసుకుపోయిందని చెప్పడానికి.

ఇలా కనీసం నాలుగైదు జంటలు దొరికేవరకు తర్వాతి మెట్టుకు వెళ్లకండి.

అయిదో మెట్టు: ఆలోచనకూ చేతకూ మధ్య దూరం కొలవండి

నాటకంలో ఒకే రకమైన పని పలుమార్లు జరిగితే, ప్రతిసారీ పాత్ర దానికి ముందు ఎంతసేపు ఆలోచించిందో చూడండి. మాక్‌బెత్ చేసిన, చేయించిన హత్యల్లో మూడింటిని వరుసగా పెట్టండి.

డంకన్ హత్యకు ముందు ఎంతో తర్జనభర్జన ఉంది. గాలిలో బాకు కనిపించేంతగా మనసు కలత చెందింది. చంపింది స్వయంగా. బాంకో విషయానికి వచ్చేసరికి సంకోచం లేదు, ఉన్నదల్లా భయం, పథకం. చంపింది కిరాయి మనుషులు. మాక్‌బెత్‌ను ఎదిరించిన సామంతుడు మాక్‌డఫ్ భార్యాబిడ్డల దగ్గర అదీ లేదు. మాక్‌డఫ్ ఇంగ్లండ్‌కు వెళ్లిపోయాడని తెలిసిన క్షణంలోనే, ఇకపై మనసులో మొదట పుట్టిన తలంపే చేతిలో మొదటి పని అవుతుందని నిర్ణయించుకుంటాడు. ఆ హత్యల వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. ఆ తల్లీబిడ్డల వల్ల సింహాసనానికి ముప్పూ లేదు.

మొదటి అంకంలో ఆలోచనే అతన్ని మనిషిగా నిలబెట్టింది. ఆలోచన హింసిస్తోందని దాన్నే వదిలించుకున్నాడు. పరీక్షలో జవాబు రాసేవారు "అతను క్రూరుడిగా మారాడు" అనే బదులు ఈ మూడు హత్యల మధ్య దూరం ఎలా కుంచించుకుపోయిందో చూపిస్తే, చదివేవారికి నాటకం కళ్లకు కడుతుంది.

ఆరో మెట్టు: పాత్ర కనిపించని కాలాన్ని లెక్కలోకి తీసుకోండి

లేడీ మాక్‌బెత్ నాలుగో అంకంలో ఎక్కడా కనిపించదు. విందు రంగం చివర అలిసిపోయిన భర్త పక్కన చివరిసారి మెలకువతో కనిపించి, మళ్లీ నిద్రలోనే వస్తుంది. మాక్‌బెత్ కూడా నాలుగో అంకం మొదటి రంగం తర్వాత అయిదో అంకం మూడో రంగం దాకా రాడు. వారు లేని చోట నాటకం ఆగలేదు, ప్రేక్షకుల మనసులోనూ ఆగదు. ఆమె పాత్ర వేసే నటి ఆ ఖాళీని తన నోటుపుస్తకంలో నింపుకోవాలి. ఏ రాత్రి మొదటిసారి లేచింది? భర్త ఏ రోజు నుంచి భోజనానికి వేరుగా కూర్చున్నాడు? మాక్‌డఫ్ భార్య చనిపోయిందన్న సంగతి ఎవరు చెప్పారు? ఆ సంగతి ఆమెకు చేరిందని మాత్రం నాటకమే చెబుతోంది. ఆ స్త్రీ ఇప్పుడెక్కడ అని నిద్రలో అడుగుతుంది. మిగతావి ఊహించుకోవలసిందే. ప్రేక్షకులకు ఎప్పటికీ తెలియని ఆ జవాబులు నటి నడకలోకి వస్తాయి.

ఏడో మెట్టు: పక్క పాత్రలను కొలబద్దలుగా వాడండి

ప్రధాన పాత్ర ఎంత మారిందో తెలియాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. మంత్రగత్తెల జోస్యం బాంకో కూడా విన్నాడు. అతని మనసులోనూ దురాశ మెదిలింది. నిద్రలో వచ్చే పాపపు ఆలోచనల నుంచి కాపాడమని దేవుణ్ణి వేడుకుంటాడు. అలాగని మచ్చలేనివాడని రాయకండి. మూడో అంకం మొదట్లో మాక్‌బెత్ మీద అనుమానం ఉన్నా పెదవి విప్పడు, తన సంతతి రాజులవుతారని మంత్రగత్తెలు చెప్పిన జోస్యం కూడా ఫలిస్తుందేమోనని ఆశపడతాడు. ఆ మౌనానికి ప్రాణం చెల్లించాడు.

డంకన్ చివరిదాకా మారడు. ముఖం చూసి మనసు తెలుసుకునే విద్య లేదని, మోసం చేసిన సామంతుడి గురించి అంటుండగానే మాక్‌బెత్ ప్రవేశిస్తాడు. రాజు అతన్ని కూడా అలాగే నమ్ముతాడు. కొడుకు మాల్కమ్ మాత్రం నేర్చుకున్నాడు. నాలుగో అంకంలో మాక్‌డఫ్ తన దగ్గరికి వస్తే, తనలో లేని దుర్గుణాలన్నీ ఉన్నాయని చెప్పుకుని అతన్ని పరీక్షిస్తాడు. ఆ రంగం పొడుగ్గా ఉందని కొన్ని ప్రదర్శనల్లో కుదిస్తారు. కుదించేవారు ఆలోచించాలి. తండ్రి నేర్చుకోనిది కొడుకు నేర్చుకున్న చోటు అది.

అదే రంగంలో మాక్‌డఫ్‌కు భార్యాబిడ్డల చావు కబురు అందుతుంది. మగవాడిలా ఎదుర్కోమని మాల్కమ్ అంటాడు. అలాగే ఎదుర్కొంటాను, కానీ ముందు మగవాడిలా బాధపడాలి కదా అంటాడు మాక్‌డఫ్. మొదటి అంకంలో "నువ్వు మగవాడివేనా" అన్న ప్రశ్నకు ఒక మనిషి హత్యతో జవాబిచ్చాడు. నాలుగో అంకంలో ఇంకో మనిషి కన్నీటితో జవాబిచ్చాడు. ఒక మాట నాటకమంతా చేతులు మారుతూ ఎలా ప్రయాణిస్తుందో చూడటానికి ఈ ఒక్కటి చాలు.

ఎనిమిదో మెట్టు: మారనిదేమిటో కూడా రాయండి

అన్నీ మారిపోతే అది వేరే మనిషి అవుతుంది, విషాదం ఉండదు. మాక్‌బెత్‌లో రెండు మిగిలాయి. ఒకటి యుద్ధంలో తెగువ. స్త్రీకి పుట్టినవాడెవడూ అతన్ని ఏమీ చేయలేడని జోస్యం ఉంది. తల్లి గర్భం కోసి తీసిన బిడ్డనని మాక్‌డఫ్ చెప్పాక, జోస్యాలన్నీ వమ్మయ్యాయని తెలిశాక కూడా కత్తి దించడు. రెండోది మాట. గొప్పగా మాట్లాడే శక్తి అతనికి చివరిదాకా పోలేదు. భార్య పోయిందని విన్నప్పుడు బతుకును నడిచే నీడతో, వేదిక మీద గంతులేసి మాయమయ్యే నటుడితో పోలుస్తాడు. గౌరవం, ప్రేమ, స్నేహితులు, ముసలితనంలో ఉండవలసినవేవీ తనకు లేవని అంతకు ముందే ఒప్పుకున్నాడు. ఏం పోగొట్టుకున్నాడో తెలియనివాడి మీద మనకు జాలి పుట్టదు. ఇతనికి అంతా తెలుసు.

తెగువ ఒకటే, దాని విలువ మాత్రం తలకిందులైంది. నాటకం మొదట్లో ద్రోహి తలను కోటగోడ మీద పెట్టినవాడు మాక్‌బెత్. చివర్లో మాక్‌డఫ్ చేతిలో వేదిక మీదికి వచ్చేది మాక్‌బెత్ తల. కొత్త రాజు మాల్కమ్ అతన్ని కసాయి అని, ఆమెను పిశాచి లాంటి రాణి అని రెండు మాటల్లో ముగిస్తాడు. మాల్కమ్‌కు తెలిసింది అంతే. ఆ రాత్రి చేతులు రుద్దుకున్న మనిషిని చూసినవాళ్లం మనం.

తొమ్మిదో మెట్టు: మరో నాటకం మీద ప్రయత్నించండి

ఈ పద్ధతి షేక్స్‌పియర్‌కే పరిమితం కాదు. సంస్కృత నాటక సంప్రదాయం శుభాంతాన్నే కోరుకుంది కాబట్టి విషాదాంతాలు అందులో అరుదు. భాసుని ఊరుభంగం అలాంటి అరుదైన వాటిలో ఒకటి. భీముడి గద దెబ్బకు తొడలు విరిగి నేల మీద పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరికి చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి ఒడిలో కూర్చుంటానంటాడు. కూర్చోబెట్టుకోవడానికి ఒడి లేదు. నిండు సభలో ద్రౌపదికి ఏ తొడ చూపించాడో మహాభారతం విన్న ప్రతివారికీ తెలుసు. జంటలో మొదటి సగాన్ని ప్రేక్షకుల మనసులోనే వదిలి, రెండో సగాన్ని మాత్రం వేదిక మీద పెట్టాడు భాసుడు. ప్రతీకారానికి లేచిన బలరాముణ్ణి ఆ దుర్యోధనుడే వారిస్తాడు. చావు ముందు మెత్తబడిన మనిషి మార్పు ఆ పిల్లవాడి కోరికతో మనకు అందుతుంది.

తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందినది ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర. చిత్రాంగి మాట నమ్మి కన్నకొడుక్కే కాళ్లూ చేతులూ నరికే శిక్ష వేసిన రాజరాజ నరేంద్రుడి కథ మనకు కొత్త కాదు. ఆ నాటకాన్ని పట్టుకుని రాజు పేజీలో మూడు వరుసలు గీసి చూడండి.

పదో మెట్టు: రిహార్సల్‌లో

నటులకు నేను మొదట చెప్పేది ఒకటే. చివరి రంగాన్ని మొదటి రంగంలో నటించకండి. లేడీ మాక్‌బెత్ మొదటి అంకంలో కళ్లు ఉరిమితే అయిదో అంకంలో ఆమెకు వెళ్లడానికి చోటు ఉండదు. తొలి ఉత్తరాన్ని భర్త మీద మనసున్న భార్య చదివినట్టు చదవాలి, నవ్వు కూడా రావచ్చు.

తర్వాత జంట రంగాలను వరుస తప్పించి అభ్యాసం చేయండి. రెండో అంకం రెండో రంగం అవగానే, మధ్యలో ఏమీ లేకుండా, అయిదో అంకం మొదటి రంగం. హత్య రాత్రి వారిద్దరూ ఊపిరి బిగబట్టి ఒక్కో ముక్క మాట్లాడుకుంటారు. "ఎప్పుడు?" "ఇప్పుడే." "నేను దిగుతున్నప్పుడా?" "అవును." అంత దగ్గరగా నిలబడి మాట్లాడుకున్న చోటనే, కొన్ని నిమిషాల తర్వాత, నటి ఒక్కతే వచ్చి ఆ మాటలే గాలికి చెప్పాలి. నేను కొందరు విద్యార్థులతో ఇలా చేయించినప్పుడు, మాక్‌బెత్ వేసే అబ్బాయిని పక్కకు వెళ్లిపోకుండా అదే చోట నిలబడి ఉండమన్నాను. ఆమె అతని ముందు నుంచే, అతన్ని చూడకుండా నడిచి వెళ్లింది. అబ్బాయి చేయి అప్రయత్నంగా ముందుకు చాచాడు. ప్రదర్శనలో ఆ చేయి ఉండదు. కానీ ఆ రోజు తర్వాత, భార్య మరణవార్త వినే రంగంలో అతని గొంతు వేరుగా పలికింది.

మార్పును శరీరంలో ఒకే చోట పెట్టండి. అన్నీ మార్చబోతే ఏదీ కనిపించదు. ఆమెకు చేతులు చాలు. అతనికి నడకలోని ఆగడం చాలు. మొదట్లో ప్రతి పనికి ముందు ఒక క్షణం ఆగుతాడు, నాలుగో అంకం నుంచి ఆగడు, భార్య పోయిందన్నప్పుడు మళ్లీ ఆగుతాడు.

చివరగా దీపం సంగతి చూసుకోండి. మొదటి అంకంలో, తన కత్తి చేసే గాయం ఆ కత్తికే కనపడకుండా చిక్కటి చీకటి కమ్మాలని కోరుకున్న ఆమె, అయిదో అంకంలో పక్కన ఎప్పుడూ దీపం ఉండాలని ఆజ్ఞాపించి పడుకుంటోంది. ఆ దీపం పట్టుకునే నిద్రలో నడుస్తూ వస్తుంది. రెండు చేతులూ రుద్దుకోవాలంటే దాన్ని ఎక్కడో పెట్టాలి. ఎక్కడ పెడుతుందో, వెళ్లేటప్పుడు తీసుకువెళుతుందో వదిలి వెళుతుందో మొదటి రిహార్సల్‌లోనే తేల్చుకోండి. వదిలి వెళితే దాన్ని వేదిక మీద ఒక మూల వెలుగుతూ ఉండనివ్వండి. కాసేపటికి ఆమె పోయిందన్న వార్త విని మాక్‌బెత్ "ఆరిపో, చిట్టి దీపమా" అన్నప్పుడు, అతను దేనివైపు చూడాలో నటుడికి ఎవరూ చెప్పనక్కరలేదు.